డొంక దారిలో సైకిలు

(మన పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1985 పదో తరగతి బ్యాచ్. నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "నీకు తెలిసిన విషయం మాట్లాడు, మమ్మల్ని మాత్రం నిద్రపుచ్చకు" అన్నారు. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను రోడ్ల పనులు చూసే ఇంజనీరును. గుంటూరులో స్థిరపడ్డాక, గత పదేళ్ళుగా, వీలైన ప్రతి ఆదివారం సైకిలు తొక్కుతున్నాను. అందుకని రోడ్డు కాని దారుల మీద సైకిలు ప్రయాణం గురించి చెబుతాను. మన వైపు ఆ దారి పేరు డొంక.

ముందు వరసలో కూర్చున్న పిల్లలు "తీగ లాగితే డొంకంతా కదిలింది" అనే సామెత విని ఉంటారు. ఆ డొంక పొద. నేను చెప్పే డొంక బండి దారి. ఊరి నుంచి పొలాలకు, పొలాల మీదుగా పక్క ఊరికి, వాగుకు, శ్మశానానికి, తిరునాళ్ళకు పోయే మట్టి దారి. గోదావరి జిల్లాల వాళ్ళు దీన్నే పుంత అంటారు. ఇరుపక్కలా తాటిచెట్లు, రేగు పొదలు, జిల్లేళ్ళు, నాగజెముడు కంచె ఉంటాయి. మధ్యలో రెండు బండి గాళ్ళు ఉంటాయి. ఎడ్లబండి చక్రానికి ఉండే ఇనప పట్టా ఏళ్ళ తరబడి నేలను పిండి చేస్తే, ఆ పిండిని ప్రతి వానా కొట్టుకుపోతే, డొంక పొలం కంటే పల్లమవుతుంది. కొన్నిచోట్ల లోపల నడిచే మనిషి పొలంలో ఉన్నవాడికి కనపడడు.

డొంక తిన్నగా పోదు. డొంకతిరుగుడు మాటలు అంటాం గదా, అలాగే ఉంటుంది. అయితే ఆ వంకర్లు ఊరికే వచ్చినవి కావు. బరువు లాగే ఎద్దుకు ఎత్తు తక్కువగా ఉండాలి, చక్రం దిగబడే పల్లపు రేగడి తప్పాలి, వాగును రాతి నేల ఉన్నచోట దాటాలి, ఎవరి చేలో నుంచీ పోకుండా గట్ల మధ్యనే సాగాలి. సర్వే పరికరాలేవీ లేకుండా, తరతరాల అనుభవంతో, ఈ నాలుగు షరతులకూ ఒప్పిన దారి అది. నా ఉద్యోగంలో ఒక రోడ్డు దారి ఎంపిక చేయడానికి మేము నెలల తరబడి కాగితాలు నింపుతాం. డొంకను చూసినప్పుడల్లా ఆ పని ఎద్దులే బాగా చేశాయనిపిస్తుంది.

ఇప్పుడు సైకిలు సంగతి. మౌంటెన్ బైక్ అనే సైకిలు ఇవాళ నగరాల్లో పదిహేను వేల నుంచి లక్షల దాకా అమ్ముతున్నారు. అది పుట్టింది 1970లలో, అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో. అక్కడి కుర్రవాళ్ళు పాత బరువైన సైకిళ్ళు కొని, లావు టైర్లు వేసి, కొండల మీది మట్టి దారుల్లో పరుగెత్తించారు. పేరులో కొండ ఉంది గాని, దానికి కావాల్సింది కొండ కాదు, తారు వేయని దారి. ఆ లెక్కన మన నాన్నలు, మన మాస్టార్లు అంతకు ముందే ఆ పని చేస్తున్నారు. మన లెక్కల మాస్టారు వానాకాలంలో కూడా సైకిలు మీదే డొంకలో నుంచి బడికి వచ్చేవారు. వేదిక మీద ఉన్నారు కాబట్టి పేరు చెప్పను. ప్యాంటు మడిచి కట్టిన క్లిప్పులు మాత్రం అందరికీ గుర్తుండే ఉంటాయి.

ఇంకొక సరదా సంగతి. ఇప్పుడు షాపుల్లో అన్నిటికంటే పెద్ద చక్రం అని గొప్పగా చెప్పే 29 అంగుళాల సైకిలు రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన నాన్నల కాలపు 28 ఇన్‌టూ ఒకటిన్నర సైకిలుకు అదే వ్యాసం 635 మిల్లీమీటర్లు. అంటే పాత సైకిలు రిమ్మే 13 మిల్లీమీటర్లు పెద్దది! పెద్ద చక్రం గుంటలో తక్కువగా దిగుతుంది. ఆ సంగతి మన ఊరి సైకిలు షాపులో గంటకు ఇంతని అద్దెకిచ్చిన బండికీ తెలుసు.

ఈ దారుల విలువ నాకు కొంత ఇక్కడ, కొంత దూరదేశంలో తెలిసింది. ఉద్యోగరీత్యా రెండేళ్ళు ఫ్రాన్స్ మధ్య భాగంలో, క్లెర్మోంట్ ఫెరాండ్ అనే ఊళ్ళో ఉన్నాను. ఆ ఊరికి పడమర చల్లారిపోయిన అగ్నిపర్వతాల వరస ఉంది. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తూర్పున లిమాన్ అనే మైదానం. నేను మొదటి ఆదివారం సైకిలేసుకుని ఆ మైదానంలోకి వెళ్ళి, దున్నిన చేను చూసి ఆగిపోయాను. నల్లటి మట్టి. వానకు జిగురు, ఎండకు నెర్రెలు. గోధుమ, మొక్కజొన్న వేసి ఉంది గాని, నేల మాత్రం మన పత్తి చేనులాగే ఉంది.

ఆ చేల మధ్య మట్టి దారులున్నాయి. దారి చీలినచోట గుంజకో రాయికో చిన్న గుర్తు ఉంటుంది: ఒక త్రిభుజం, దాని పక్కన రెండు గుండ్రాలు. అది మౌంటెన్ బైకుల దారి అని అర్థం. ఆకుపచ్చ రంగైతే చాలా తేలిక, నీలం తేలిక, ఎరుపు కష్టం, నలుపు చాలా కష్టం. అది ఫ్రెంచి సైక్లింగ్ సమాఖ్య పెట్టిన పద్ధతి. నడిచేవాళ్ళకు వేరే గుర్తులు: తెలుపు ఎరుపు గీతలుంటే దూరప్రయాణపు దారి, పసుపు గీతైతే దగ్గర దారి. ఆ దూరప్రయాణపు దారులకు గుర్తులు వేయడం 1947లో మొదలైంది. ఊళ్ళోకి వచ్చిన సైకిలు మనిషి రొట్టె కొంటాడు, కాఫీ తాగుతాడు, ఒక రాత్రి ఉంటాడు. ఊరికి నాలుగు రూపాయలొస్తాయి.

దీనికోసం వాళ్ళు కొత్త దారులు వేశారనుకుంటే పొరపాటు. చాలావరకు పాత బండి దారులే అవి. చట్టంలో వాటి పేరుకు అర్థం పల్లె దారి. ఊరి పాలక సంస్థ, అంటే మన పంచాయతీ లాంటిది, వాటికి యజమాని. అక్కడ కూడా డొంకలు పోయాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చిన్న కమతాలను కలిపి పెద్దవి చేసినప్పుడు కంచెలతోపాటు దారులు దున్నేశారు. పక్క రైతు ముప్ఫై ఏళ్ళు అడ్డులేకుండా అనుభవిస్తే ఆ దారి అతనిదైపోయే అవకాశం ఉంది. అందుకని వాళ్ళు కొన్ని జాగ్రత్తలు తీసుకున్నారు. 1983లో వచ్చిన చట్టం ప్రకారం ప్రతి జిల్లా తన నడక దారుల పట్టిక తయారుచేయాలి. పట్టికలో ఉన్న పల్లె దారిని అమ్మాలంటే బదులుగా ఇంకొక దారి చూపాలి. 2022లో వచ్చిన చట్టం ప్రకారం, ఊరు తన దారుల లెక్క తీస్తామని తీర్మానం చేస్తే ఆ ముప్ఫై ఏళ్ళ గడువు అక్కడ ఆగుతుంది. ఒక దారి ప్రజలదేనా అనే ప్రశ్న వచ్చినప్పుడు, జనం దాన్ని వాడుతున్నారా అనేది అక్కడి చట్టం ముందుగా చూసే సంగతుల్లో ఒకటి. ఇంగ్లండులో గుర్రాలు నడిచే పాత దారుల్లో సైకిలు తొక్కే హక్కును 1968 చట్టంలో రాశారు. దారిని వాడేవాళ్ళుంటేనే దారి నిలుస్తుందని రెండు దేశాలూ గ్రహించాయి.

ఇక మన నేల మీదికి వద్దాం. నల్లరేగడిలో సైకిలు తొక్కాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. ఈ మట్టిలో ఉండే బంకమట్టి రేణువులు పొరలు పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్య దూరి మట్టిని ఉబ్బిస్తుంది. ఎండితే కుంచించుకుపోయి, చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది. మా రోడ్ల వాళ్ళకు ఇది పాత శత్రువు. సైకిలుకు కూడా అంతే. తడి రేగడిలో నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి కూరుకుని చక్రం బిగుసుకుపోతుంది. పుల్లతో గీకడం, పది గజాలు పోవడం, మళ్ళీ గీకడం. కాబట్టి వానాకాలంలో డొంకలోకి దిగొద్దు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా మంచి కాలం. అప్పటికి గాళ్ళు గట్టిపడి ఉంటాయి. ఉదయం ఆరింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాలి. మడ్‌గార్డులు తీసేయండి. టైరు రెండంగుళాలైనా లావుండాలి, గాలి కొంచెం తక్కువ పెట్టాలి.

గాలి అంటే పంచరు గుర్తొస్తుంది. మన డొంకల్లో ఇద్దరు శత్రువులు: సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల సైకిలు వాళ్ళు కూడా సరిగ్గా ఈ మొక్కనే తిట్టుకుంటారు. ట్యూబులో పోసే జిగురు ద్రవం ఒకటి దొరుకుతుంది, అది పోసుకోండి. లేకపోతే నాలాగా పంచరు సామాను సంచిలో పెట్టుకోండి.

ఇప్పుడు నాకు ఇష్టమైన మూడు దారులు చెబుతాను. మొదటిది కోటప్పకొండ దారి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కదిలేవి, బండ్లు కట్టుకుని జనం పోయేవారు. ఇప్పుడు ప్రభలు తారు రోడ్డు మీద, కరెంటు తీగలు చూసుకుంటూ వెళ్తున్నాయి. పాత బండి దారి మాత్రం పత్తి చేల మధ్యనుంచి ఇంకా ముక్కలు ముక్కలుగా ఉంది. ఎటు తిరిగినా మూడు శిఖరాల కొండ ఎదురుగా కనబడుతూనే ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం లేదు.

రెండోది కాలువ కట్ట. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ, అంటే జవహర్ కాలువ, పొడవు 203 కిలోమీటర్లు. మన మెట్ట నేలలకు నీళ్ళు తెచ్చింది దాని శాఖలే. కాలువ నీరు కిలోమీటరుకు కొద్ది సెంటీమీటర్ల వాలుతో పారుతుంది. కాబట్టి కట్ట మీద తొక్కేవాడికి ఎత్తూ పల్లం తెలియదు. అద్దంకి బ్రాంచి కాలువ కట్ట మీద ఎదురుగాలి లేని ఉదయం ఇరవై కిలోమీటర్లు తొక్కినా అలసట ఉండదు. అద్దంకి దగ్గర గుండ్లకమ్మ వస్తుంది. ఇసుకలో సైకిలు నెట్టుకుంటూ నడవాల్సిందే. అయినా మంచిదే. కాళ్ళకు నీళ్ళు తగులుతాయి. కట్ట మీద పోయేటప్పుడు పిల్లలు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: లైనింగ్ చేసిన కాలువలో పడితే గట్టెక్కడం చాలా కష్టం. నీళ్ళకు దూరంగానే తొక్కాలి.

మూడోది కొండవీడు. ప్రోలయ వేమారెడ్డి రాజధాని అద్దంకి. తర్వాత రెడ్డిరాజులు రాజధానిని కొండవీటికి మార్చారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను గెలిచారు. అద్దంకి, కొండవీడు రెండూ మన చుట్టుపక్కలవే. సేనలూ వర్తకులూ ఈ నేల మీదే ఎక్కడో నడిచి ఉంటారు. కొండ కింద మిరప కల్లాలు, పైన కోట గోడలు, చెరువులు. ఘాట్ రోడ్డు ఎక్కడం నా వయసువాళ్ళకు కష్టమే. నేను సగం నడుస్తాను. దిగేటప్పుడు మాత్రం రెండు బ్రేకులూ చూసుకుని దిగండి. పైనుంచి చూస్తే నల్లటి నేల మీద ఎర్రటి కల్లాలు కనబడతాయి. పిల్లల్లారా, మాఘమాసంలో ఒకసారి ఆ దృశ్యం చూడండి. గాలి కింది నుంచి వీస్తే తుమ్ములు కూడా వస్తాయి.

ఈ తిరుగుళ్ళలో ఎంతమంది పలకరిస్తారో. హెల్మెట్టు పెట్టుకుని, నెత్తి నెరిసిన మనిషి డొంకలో సైకిలు తొక్కుతుంటే ఎవరికైనా అనుమానమే. ఒక పెద్దాయన గేదెలు తోలుకుపోతూ ఆగి, "ఏం బాబూ, ఈ వయసులో సైకిలు తొక్కుతున్నావు, అప్పులేమన్నా అయినయ్యా?" అని అడిగాడు. లేదు బాబాయ్, ఆరోగ్యం కోసం అన్నాను. "ఆరోగ్యం కోసమయితే మా మిరప చేలో నాలుగు సాళ్ళు కోసిపో" అన్నాడు. నవ్వాను గాని, ఆయన మాటలో న్యాయం ఉంది.

ఆ పెద్దాయనే తన చేను చూపించాడు. డొంక చివర ఎకరంన్నర. ఆ చేనికి వచ్చే డొంక మధ్యలో రెండుచోట్ల దున్నేసి ఉంది. ట్రాక్టరు రాదు, ఆటో రాదు. నలభై కిలోల పైబడిన మిరప టిక్కీలను పక్క చేల గట్ల మీదుగా నెత్తిన మోసుకురావాలి. మోతకూలి టిక్కీకి ఇంతని అదనం. కొనేవాడు వచ్చినా దారి లేని చేనని ధర తగ్గించి అడుగుతున్నాడట. "మా నాయన కాలంలో ఇందులో ఎదురెదురు బండ్లు తప్పుకునేయి బాబూ" అన్నాడు.

నాకు ఉద్యోగపు అలవాటు ఊరుకోదు కదా. ఆ ఊరి గ్రామపటం, క్షేత్ర కొలతల పుస్తకం నకళ్ళు తీసుకుని చూశాను. పాత కొలతలు గొలుసుల్లో, లింకుల్లో ఉంటాయి. దాని పేరు గుంటర్ గొలుసు. మన గుంటూరు పేరు కాదు, పదిహేడో శతాబ్దంలో దాన్ని రూపొందించిన ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు ఆయన పేరు! గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పటంలో ఆ డొంక వెడల్పు 30 లింకులు, అంటే దాదాపు 20 అడుగులు. నేల మీద టేపు పెట్టి కొలిస్తే బాగున్నచోట 7 అడుగులు. మిగిలిన 13 అడుగులూ ఒక్క రాత్రిలో ఎవరో దొంగిలించినవి కావు. దున్నినప్పుడల్లా ఇటునుంచి ఒక సాలు, అటునుంచి ఒక సాలు లోపలికి జరిగితే అలాగే అవుతుంది. జరిపినవాళ్ళలో నా బంధువులూ ఉంటారు, మీ బంధువులూ ఉంటారు. అందుకే ఎవరూ మాట్లాడరు.

డొంక పోతే పోయేది దారి ఒక్కటే కాదు. పల్లంగా ఉండే డొంక వానాకాలంలో మురుగు కాలువ కూడా. అది మూసుకుపోతే ఎగువ చేల నీరు పోయే తోవ లేక మిరప చెట్టు వేరు కుళ్ళి ఎండుతుంది. చాలా ఊళ్ళలో దళితవాడ నుంచి శ్మశానానికి ఉన్న ఒకే దారి డొంక. అది దున్నేస్తే శవాన్ని వరి చేలో నుంచి, మోకాటి లోతు బురదలో మోసుకుపోవాలి. నాలుగు వరసల, ఆరు వరసల రోడ్లు వచ్చినచోట మధ్యలో అడ్డం పడి, డొంక రెండు ముక్కలైంది. రోడ్ల ఇంజనీరుగా నాకు ఆ రోడ్లు ఎంత అవసరమో తెలుసు. చెన్నై రోడ్డు లేకపోతే మన మిర్చి ఎక్కడికి పోతుంది? కానీ పెద్ద రోడ్డు డిజైను చేసేటప్పుడు పటంలో డొంక కనబడితేనే దాని కింద అండర్‌పాస్ అడగగలం. పటంలో ఉండి, నేల మీద లేకపోతే అడిగేవాడి మాట చెల్లదు.

చట్టం మన వైపే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో వచ్చిన 1905 నాటి భూ ఆక్రమణల చట్టం మొదట్లోనే, ప్రజల రోడ్లు, వీధులు, సందులు, దారులు ప్రభుత్వ ఆస్తి అని చెప్పింది. ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించడానికి పథకాలు తయారుచేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అయితే ఒక గడువు కూడా ఉంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం, ఆక్రమణలో పోయిన వీధినీ రోడ్డునూ తిరిగి స్వాధీనం చేసుకోవడానికి స్థానిక సంస్థ దావా వేయాలంటే 30 ఏళ్ళ లోపు వేయాలి. ఫ్రాన్సులో ముప్ఫై, మనకూ ముప్ఫై. మేము పదో తరగతి రాసిన నాడు తొక్కిన డొంకలు తలచుకుంటే ఈ అంకె నాకు భయం పుట్టిస్తుంది.

ఇంకొక సంగతి. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. బ్రిటిషు కాలపు సర్వే తర్వాత, దాదాపు వందేళ్ళకు, డ్రోన్లతో, ఉపగ్రహ కొలతలతో ప్రతి సరిహద్దూ మళ్ళీ రాస్తున్నారు. ఇలాంటి సర్వే మన జీవితంలో ఇంకోసారి రాదు. ఎవరి చేను సరిహద్దు వాళ్ళు దగ్గరుండి చూపించుకుంటారు. డొంకకు పట్టాదారు లేడు. దాని తరఫున గట్టు మీద నిలబడి, "ఇది పాత వెడల్పుతో ఎక్కిందా?" అని అడిగే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరు? నేను ఇవాళ ఈ సభ ముందు పెట్టదలచుకున్న ప్రశ్న ఇదే.

కిందటి నెల ఈ సంగతి మా బ్యాచ్ మిత్రుడితో అంటే, వాడు ఇక్కడే వ్యవసాయం చేస్తున్నాడు, "నీకేం రా, ఆదివారం సరదా. మాకు కావాల్సింది కంకర రోడ్డు. నీ మట్టి దారి నాకెందుకు?" అన్నాడు. వాడు అన్నది నిజమే. డొంకను అద్దాల పెట్టెలో పెట్టమని నేను అడగడం లేదు. అవసరమైనచోట గ్రావెల్ పోయించుకుందాం, వాగు దగ్గర చప్టా కట్టించుకుందాం. సైకిలుకు గ్రావెల్ హాయిగానే ఉంటుంది. కానీ కంకర పోయాలన్నా ముందు దారి వెడల్పు మిగిలి ఉండాలి కదా! "సరే, అయితే టేపు ఒక కొన నేను పట్టుకుంటా" అన్నాడు. వాడు ఇక్కడే ఉన్నాడు, మాట తప్పలేడు.

మన పూర్వ విద్యార్థుల సంఘం చేయగలిగింది ఒకటుంది. పెద్ద డబ్బు అక్కర్లేదు. మన బడికి పిల్లలు వచ్చే ఊళ్ళ గ్రామపటాల నకళ్ళు తీయిద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు, ఉపాధ్యాయులు, ఆ ఊరి పెద్దలు, మనలో వీలైనవాళ్ళు కలిసి ఒక్కో ఆదివారం ఒక్కో డొంకలో సైకిళ్ళ మీద వెళదాం. ఫోనులో దారి గుర్తించడం ఇప్పటి పిల్లలకు మనకంటే బాగా వచ్చు. పటంలో వెడల్పు ఎంత, నేల మీద ఎంత, ఎక్కడ మూసుకుంది, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయి అని రాయించుదాం. లింకులను అడుగుల్లోకి మార్చడం లెక్కల పాఠం, గ్రామపటం సాంఘిక శాస్త్రం, రేగడి మట్టి సామాన్య శాస్త్రం. మార్కులు కూడా వేయొచ్చు మాస్టారూ. తయారైన పటాన్ని పంచాయతీకి ఇచ్చి, గ్రామసభలో చదివి, తీర్మానం రాయమని అడుగుదాం. ఎవరి మీదా ఫిర్యాదు పెట్టొద్దు. తన సాలు తానే వెనక్కి జరుపుకునే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళతో మొదలుపెడదాం.

ఆడపిల్లల గురించి ఒక మాట. బడికొస్తా పథకంలో మన ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. ఒక ఊరి నుంచి డొంకలో వస్తే బడి మూడు కిలోమీటర్లు, రోడ్డు మీద వస్తే ఏడు. అయినా పిల్లలు రోడ్డు మీదే వస్తున్నారు. కారణం అడిగితే, డొంకకు రెండు పక్కలా తుమ్మ కమ్ముకుపోయి, అవతల ఏముందో కనపడదు, భయం అన్నారు. ఆ తుమ్మ కొట్టించడానికి ఒక పొక్లెయిను రెండు రోజులు చాలు. ఆ ఖర్చు మా 1985 బ్యాచ్ పెట్టుకుంటుంది. నా మిత్రులను అడగకుండానే ప్రకటిస్తున్నాను, చప్పట్లు కొట్టారు కాబట్టి ఒప్పుకున్నట్టే.

సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఉదయం ఆరు గంటలకు బడి గేటు దగ్గర కలుద్దాం. ఏ సైకిలైనా ఫర్వాలేదు, గేర్లు అక్కర్లేదు. ఒక నీళ్ళ సీసా, ఒక టోపీ తెచ్చుకోండి. టేపు, పటం, పంచరు సామాను నేను తెస్తాను. ఇక్కడి నుంచి ఆ పెద్దాయన చేను దాకా వెళ్ళి రావాలి. సైకిలు తొక్కలేని గురువులు మా బండిలో కూర్చోండి, డొంక మొదట దాకా తీసుకెళ్తాం. అక్కడ మీరు జెండా ఊపితే చాలు.